మహిళల కుస్తీ

మహిళల కుస్తీ రెండు వేరువేరు దారుల్లో పెరిగింది. ఒకటి ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయిలో మ్యాట్ మీద జరిగే ఫ్రీస్టయిల్ పోటీ. ఇంకొకటి తాళ్లు కట్టిన రింగులో, ఫలితం ముందే అనుకుని, ప్రేక్షకుల కోసం ఆడే ప్రొఫెషనల్ రెజ్లింగ్. మొదటిదానిలో గెలుపోటములు నిజం. రెండోదానిలో గెలుపు కథ ప్రకారం వస్తుంది, కానీ పడే దెబ్బలు, పైనుంచి దూకడాలు, విరిగే ఎముకలు నిజం. ఆడవాళ్లు కుస్తీ పడుతున్నారన్న వింత కోసమే తొలినాళ్లలో జనం ఈ రెండింటికీ వచ్చారు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టింది మాత్రం ఆటే. నిర్వాహకులకు ఈ సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది.

మ్యాట్ మీద

తొమ్మిది మీటర్ల వ్యాసం ఉన్న వృత్తంలో పోటీ జరుగుతుంది. మూడేసి నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో అర నిమిషం విరామం. ప్రత్యర్థిని కిందపడేసి అదుపులోకి తెచ్చుకుంటే 2 పాయింట్లు, వృత్తం బయటికి నెడితే 1. ఎత్తి పడేసే పెద్ద పట్లకు 4, ఒక్కోసారి 5 పాయింట్లు కూడా వస్తాయి. పది పాయింట్ల ఆధిక్యం వచ్చినా, ప్రత్యర్థి రెండు భుజాలనూ మ్యాట్‌కు ఆనించినా పోటీ అక్కడితో ముగిసినట్టే. నిబంధనలు దాదాపుగా పురుషుల ఫ్రీస్టయిల్‌వే. చంకల కింది నుంచి రెండు చేతులూ పోనిచ్చి మెడ వంచే డబుల్ నెల్సన్ పట్టు మాత్రం మహిళల పోటీల్లో నిషిద్ధం.

ఆరు నిమిషాలు చిన్న వ్యవధి కాబట్టే ఈ ఆటలో ఉత్కంఠ ఎక్కువ. ఒక్క పట్టుతో లెక్క తలకిందులవుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో 58 కిలోల విభాగంలో సాక్షి మలిక్ క్వార్టర్ ఫైనల్లో రష్యా క్రీడాకారిణి వలేరియా కొబ్లోవా చేతిలో ఓడింది. ఆ కొబ్లోవా ఫైనల్‌కు వెళ్లడంతో రెపిచాజ్ నిబంధన కింద సాక్షికి మరో అవకాశం దొరికింది. కాంస్యం కోసం కిర్గిజ్‌స్థాన్‌కు చెందిన ఐసులూ టినిబెకోవాతో తలపడి, విరామానికి 0–5తో వెనకబడింది. రెండో భాగంలో ఒక్కొక్క పట్టుతో సమం చేసి, చివరి క్షణాల్లో ప్రత్యర్థిని పడేసి 8–5తో నెగ్గింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళా రెజ్లర్ ఆమే. అదే విభాగం ఫైనల్లో జపాన్‌కు చెందిన కావొరి ఇచో కూడా ముగింపు క్షణాల్లోనే కొబ్లోవా మీద 3–2తో గెలిచింది. దాంతో ఏ క్రీడలోనైనా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణాలు నెగ్గిన తొలి మహిళ అయింది.

ఇచోకు సాటి మరో జపాన్ క్రీడాకారిణి సావొరి యోషిదా. మూడు ఒలింపిక్ స్వర్ణాలు, పదమూడు ప్రపంచ టైటిళ్లు ఆమెవి. రెప్పపాటులో వంగి ప్రత్యర్థి రెండు కాళ్లనూ ఒడిసిపట్టడం ఆమె ఆయుధం. ఎదుటివాళ్లు ఆ ఎత్తును ముందే ఊహించినా ఆపలేకపోయేవారు. రియో ఫైనల్లో అమెరికా క్రీడాకారిణి హెలెన్ మరూలిస్ ఆపగలిగింది. ఆ గెలుపు అమెరికాకు మహిళల కుస్తీలో తొలి ఒలింపిక్ స్వర్ణం. యోషిదా, మరూలిస్ పోటీని ఒక్కసారైనా చూసినవారు మహిళల కుస్తీ పురుషుల ఆటకు తగ్గు రకమని అనరు.

హమీదా బానూ

ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీ చేరడానికి అర్ధ శతాబ్దం ముందే మన దేశంలో ఒక మహిళ మగవాళ్లతో కుస్తీ పట్టి పత్రికలకెక్కింది. మీర్జాపూర్ నుంచి వెళ్లి అలీగఢ్‌లో సాధన చేసిన హమీదా బానూ, తనను ఓడించినవాడిని పెళ్లి చేసుకుంటానని 1954లో సవాలు విసిరింది. ఆ ఏడాది మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ను 1 నిమిషం 34 సెకన్లలో చిత్తు చేసింది. అంతకుముందు బరిలోకి దిగాల్సిన మరో పహిల్వాన్, ఆడదానితో కుస్తీ ఏమిటని తప్పుకున్నాడు. పోటీలన్నీ ముందే మాట్లాడుకున్నవేనన్న అనుమానాలూ వినిపించాయి, కొన్నిచోట్ల స్థానిక కుస్తీ సంఘాలు అడ్డుపడ్డాయి. తన పోటీలను ఆపుతున్నారని ఆమె బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఫిర్యాదు చేసింది. ఆడమనిషి అయినందుకు కాదని, నిర్వాహకుల మీద వచ్చిన ఆరోపణల వల్లేనని ఆయన జవాబిచ్చారు. ఏమైనా జనం మాత్రం విరగబడి వచ్చారు. ఆమె ఏం తింటుంది, ఎంత బరువుంది, రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తుంది అని పత్రికలు ఆసక్తిగా రాశాయి. ఇంత కీర్తి దక్కిన మనిషి చివరి రోజులు పేదరికంలో గడిచాయి. 2024 మే 4న గూగుల్ తన ముఖపేజీలో ఆమె బొమ్మ వేసింది.

ప్రపంచ స్థాయిలో మహిళలకు చోటు దొరకడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. తొలి మహిళా ప్రపంచ చాంపియన్‌షిప్ 1987లో నార్వేలో జరిగింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నాలుగు బరువు విభాగాలతో మహిళల కుస్తీని చేర్చారు. 2016 నుంచి అవి ఆరయ్యాయి.

జపాన్ బాలికల రింగు

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో మహిళల ఆటకు అసలైన గౌరవం జపాన్‌లో దక్కింది. 1930ల చివరి నుంచి అమెరికాలో ఏలిన మిల్‌డ్రెడ్ బర్క్ 1954లో తన బృందంతో జపాన్‌లో పర్యటించడంతో అక్కడ ఈ ఆటకు ఊపు వచ్చింది. 1968లో ‘ఆల్ జపాన్ విమెన్స్ ప్రో–రెజ్లింగ్’ సంస్థ మొదలైంది. 1970ల మధ్యలో జాకీ సాతో, మాకి ఉయెదాల ‘బ్యూటీ పెయిర్’ జంట రింగులో కుస్తీ పట్టి, అదే రింగులో పాటలు పాడింది. ఆ తర్వాత చిగుసా నగాయో, లయనెస్ అసుకాల ‘క్రష్ గాల్స్’ వచ్చారు. ఈ జంటల అభిమానులలో అత్యధికులు బడి ఈడు ఆడపిల్లలు.

ఈ విషయం దగ్గర కాసేపు ఆగాలి. మహిళల కుస్తీని మగవాళ్ల చూపు కోసమే చేస్తారన్న అభిప్రాయం చాలాచోట్ల నిజం కావచ్చు, జపాన్‌లో అది చెల్లదు. అణకువగా ఉండాలని ఇంటా బయటా విని పెరుగుతున్న పిల్లలకు అరిచి, ఏడ్చి, పడి, మళ్లీ లేచి కొట్టే ఆడమనిషి కళ్లముందు కనిపించింది. 1985 ఆగస్టు 28న ఒసాకాలో చిగుసా నగాయో, ప్రతినాయిక డంప్ మత్సుమోతోతో తలపడింది. ఓడినవారికి అందరి ముందూ గుండు కొట్టాలన్నది పందెం. చిగుసా ఓడిపోయింది. కత్తెర పడుతుంటే హాలంతా ఆడపిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. ముందే రాసుకున్న కథని తెలిసినా ఆ కన్నీళ్లు అబద్ధం కావు.

ఆల్ జపాన్ సంస్థలో కఠిన నియమాలు కూడా ఉండేవి. మద్యం, పొగ, మగ స్నేహాలు నిషేధం. 25 ఏళ్లకు రింగు వదలాలి. అభిమానుల ఆరాధన మీద నడిచిన సంస్థ, ఆరాధ్యుల యవ్వనాన్ని పిండుకుని పంపేసింది. సంస్థ 2005లో మూతపడినా అది తయారుచేసిన శైలి, ఆ వేగం, ఆ తెగువ ప్రపంచమంతటా పాకాయి.

అమెరికా, ఇతర దేశాలు

అమెరికాలో దారి వంకరగా సాగింది. న్యూయార్క్ రాష్ట్రం 1972 దాకా మహిళల కుస్తీని నిషేధించింది. మెక్సికో నగరంలో 1986 వరకు ఇలాంటి నిషేధమే. పేరున్న సంస్థలు 2000 తర్వాత కూడా బట్టలు లాక్కునే పోటీలు పెట్టి అదే మహిళల విభాగమని చూపాయి. 2015 ఫిబ్రవరిలో అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రసారంలో ఒక మహిళల పోటీ అర నిమిషంలో ముగిసిపోతే, వాళ్లకూ అవకాశం ఇవ్వండంటూ అభిమానులు సామాజిక మాధ్యమాల్లో విరుచుకుపడ్డారు. అదే ఏడాది బేలీ, సాషా బ్యాంక్స్ అరగంట పాటు తలపడి హాలును ఊపేశారు. 2019 ఏప్రిల్‌లో ఆ సంస్థ పెద్ద వేడుక రెజిల్‌మేనియా చరిత్రలో తొలిసారి మహిళలు చివరి పోటీ ఆడారు. అందులో బెకీ లించ్ గెలిచింది. హరియాణాకు చెందిన కవితా దేవి 2017లో సల్వార్ కమీజ్‌లోనే డబ్ల్యూడబ్ల్యూఈ రింగులోకి దిగి, అందులో అడుగుపెట్టిన తొలి భారత మహిళ అయింది.

బొలీవియాలోని ఎల్ ఆల్టోలో ఐమారా మహిళలు సంప్రదాయ పావడాలు, టోపీలతోనే కుస్తీ పడతారు. ఒకప్పుడు చిన్నచూపు చూసిన ఆ వేషం ఇప్పుడు అక్కడి గర్వానికి గుర్తు.

హరియాణా, ఆ తర్వాత

మహావీర్ సింగ్ ఫోగాట్ బలాలీ గ్రామంలో తన కూతుళ్లకు మగపిల్లలతోనే సాధన చేయించారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీతా ఫోగాట్ స్వర్ణం గెలిచింది. 2016లో వచ్చిన ‘దంగల్’ సినిమా ఆ కథను ఇంటింటికీ చేర్చింది. కానీ సినిమా తర్వాతి కథ కష్టమైనది. 2023లో వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా తదితరులు లైంగిక వేధింపుల ఆరోపణలతో రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్‌పై చర్య కోరుతూ ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర పోరాడారు. ఆయన వాటిని ఖండించారు. డిసెంబరులో సాక్షి ఆట నుంచి తప్పుకుంది. మ్యాట్ మీద ఎంత బలం చూపినా, మ్యాట్ బయట అధికారం వేరేవారి చేతుల్లో ఉందని దేశం చూసింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ 50 కిలోల విభాగంలో, అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమి ఎరుగని జపాన్ చాంపియన్ యుయి సుసాకిని 3–2తో ఓడించింది. 0–2తో వెనకబడి, చివరి సెకన్లలో పడేసింది. ఆ రోజే ఫైనల్‌కూ చేరింది. మర్నాడు ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగడంతో అనర్హురాలైంది. ఆ వంద గ్రాముల బాధ ఇంకా తీరలేదు. అయినా సుసాకి మీద గెలిచిన ఆ పోటీని తూకం చెరిపేయలేదు.

2012 నుంచి 2024 వరకు ఒలింపిక్స్‌లో పోటీపడ్డ భారత మహిళా రెజ్లర్లందరూ హరియాణా వారే. కుస్తీలో కాకపోయినా వేరే ఆటల్లో తెలుగు అమ్మాయిలు రాణించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లేశ్వరిది శ్రీకాకుళం జిల్లా. బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. బలం చూపే ఆటలకు మన అమ్మాయిలు పనికిరారనడానికి వీల్లేదు. మన జిల్లాల్లో లోటున్నది మంచి మ్యాట్లకు, శిక్షకులకు, రోజూ తలపడే సాటి అమ్మాయిలకు. ఆ మూడూ సమకూర్చే బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా సంస్థలు తీసుకోవాలి.