వలసపోయినవాని ఊరు

సూరతు నగరమునకు దక్షిణముగా, నవసారికి పోవు మార్గమున, ఉన్ అను ఊరు కలదు. పూర్వమది చౌర్యాసీ తాలూకాలోని ఒక పల్లె. 2001వ సంవత్సరపు జనాభా లెక్కలలో దానిని పట్టణముగా పరిగణించినారు. సూరతు పెరిగి పెరిగి ఆ పల్లె గడపదాక వచ్చినది. ఊరి పేరు ఎంత చిన్నదనగా, నోట పలుకబోవునంతలోనే ముగిసిపోవును. గుజరాతీ భాషలో ఊన్ అనగా ఉన్ని. మధ్యప్రదేశమునందలి నిమాడు సీమలో పురాతన దేవాలయములకు పేరుపడిన మరియొక ఉన్ కలదు. సౌరాష్ట్రమున డయ్యూ సమీపమున ఊనా అను పట్టణము కలదు. ఇంగ్లీషు అక్షరములలో ఈ పేరును వ్రాయుటకు రెండక్షరములు చాలును. సముద్రమునకు ఆవల నున్న గుమాస్తా చేతిలో అట్టి పేరు నిలుచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

ఇట్టి ఊరినుండి నూరేండ్లకు పూర్వము ఒక మనుష్యుడు దేశాంతరము పోయినాడనుకొందము. అతని మునిమనుమడు డర్బనులోనో, పోర్టులూయీలోనో కూర్చుండి తాతగారి ఊరు ఏదియని వెదుకుచున్నాడు. అతనికి మొదట తోచునది జనాభా లెక్కలే. ప్రభుత్వము ఇల్లిల్లు తిరిగి ప్రజలను లెక్కించినది గదా, ఆ లెక్కలో తన తాత పేరు ఉండక ఎట్లు పోవును? ఆ ఆశ సహేతుకమైనదే. కాని లెక్క పెట్టిన పద్ధతిని తెలిసికొన్నచో, ఆ ఆశ ఎక్కడ తెగిపోవునో తెలియగలదు.

భారతదేశమున బ్రిటిషు ప్రభుత్వము తలపెట్టిన మొదటి జనాభా లెక్కలు 1872 ప్రాంతమున జరిగినవి. దేశమంతట ఒకే సమయమున లెక్కించుట 1881వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి మొదలైనది. అంతకు కొన్ని వారములకు ముందే ఇండ్ల గోడలపై అంకెలు వేసినారు. లెక్కలు వ్రాయువాడు ఇంటింటికి పోయి పేరు, వయస్సు, మతము, కులము, మాతృభాష, జన్మస్థలము, వృత్తి అడిగి కాగితముపై వ్రాసికొన్నాడు. నిర్ణయించిన రాత్రి దీపము పట్టుకొని మరల తిరిగి, చనిపోయినవారిని కొట్టివేసి, కొత్తగా వచ్చినవారిని చేర్చినాడు. స్త్రీల పేర్లు చెప్పుటకు ఇంటివారు ఇష్టపడనిచో బలవంతపెట్టక, 'స్త్రీ' అని మాత్రము వ్రాయవలెనని ఉత్తరువు. ఆ విధముగా ఎందరో ముత్తవ్వలు తొలి కాగితముననే పేరులేనివారైనారు.

ఆ కాగితములు కచ్చేరీలకు చేరినవి. కూడికలు జరిగినవి. అంకెలు పట్టికలకు ఎక్కినవి. పట్టికలు గొప్ప గ్రంథములుగా అచ్చైనవి. పని ముగిసిన పిమ్మట ఇంటింటి కాగితములు వ్యర్థములని తలంచి నాశనము చేసినారు. గ్రంథాలయములలో నేడు దొరకునవి ఆ అచ్చు గ్రంథములే. సూరతు జిల్లాలో ఎందరు ఏ భాష మాట్లాడిరో, ఏ వృత్తిచే జీవించిరో వానివలన తెలియును. ఉన్ గ్రామమున ఫలానా ఇంట ఎవరు పుట్టిరో తెలియదు. ఇంగ్లండులో అట్లుగాదు. అక్కడ ఇంటింటి కాగితములను భద్రపరచి, నూరేండ్లు గడచిన తరువాత ప్రజల ముందుంచుదురు. 1921వ సంవత్సరపు కాగితములు 2022లో బయటికి వచ్చినవి. అమెరికాలో ఆ గడువు డెబ్బదిరెండేండ్లు. ఆ దేశపు కాగితముల సాయముననే వివేక్ బాల్డ్ అను పరిశోధకుడు, హుగ్లీ ప్రాంతమునుండి న్యూ ఆర్లియన్సు నగరమునకు పోయి కుట్టుపని చేసిన గుడ్డలమ్ముకొన్న ముస్లిము వర్తకుల జాడ తీసి, 2013లో ఒక గ్రంథము వెలువరించినాడు. స్వతంత్ర భారతమున 1948వ సంవత్సరపు జనాభా లెక్కల చట్టము, వ్యక్తుల వివరములను ఎవరికిని చూపరాదనియు, న్యాయస్థానమున సాక్ష్యముగా గ్రహింపరాదనియు శాసించినది. చెప్పినది గుట్టుగా ఉండునని నమ్మినప్పుడే ప్రజలు నిజము చెప్పుదురన్నది ఆ నిబంధనలోని భావము. అది న్యాయమే. కాని మునిమనుమనికి దానివలన ఒరిగినదేమియు లేదు.

స్వదేశమున దారి మూసికొనిపోగా, వెదకువాడు పరదేశపు లెక్కలను ఆశ్రయించును. అక్కడ వేరొక చిక్కు ఎదురగును. సూరతు పరిసరములనుండి దేశాంతరము పోయినవారిలో పెక్కుమంది ఎవరికిని కూలి ఒప్పందము వ్రాసియీయక, తమ సొమ్ముతో టిక్కెట్టు కొనుక్కొని పోయినారు. రాందేరు, కఠోరు, ఖోల్వాడు మొదలగు ఊళ్ళ సున్నీ వోహ్రా వర్తకులు రంగూనునకును, మారిషసునకును, నేటాలునకును, ట్రాన్సువాలునకును పోయి అంగళ్ళు పెట్టినారు. మొగలాయీల కాలమున మక్కాకు పోవు యాత్రికులకు ద్వారమై వెలసిన సూరతు రేవు అప్పటికి క్షీణించినది. 1860 తరువాతి దశాబ్దమున రైలు వచ్చి సూరతును బొంబాయితో కలిపినది. కావున పల్లెవాడు సూరతులో రైలెక్కి, బొంబాయిలో ఓడనెక్కినాడు. ఎక్కడినుండి వచ్చితివని పైదేశపు అధికారి అడిగినప్పుడు, ఉన్ అనియో ఖోల్వాడు అనియో చెప్పిన అతనికేమి తెలియును? అందుచేత పల్లెవాడు సూరతు అన్నాడు. ఓడ కాగితము బొంబాయి అన్నది. జనాభా లెక్క ఇండియా అన్నది. పైకి పోయినకొలది పేరు పెద్దదైనది, మనిషి చిన్నవాడైనాడు. అమెరికావారు 1920 మొదలు 1940 వరకు జరిపిన మూడు లెక్కలలో సిక్కులను, ముస్లిములను సహితము 'హిందు' అను ఒక్క జాతి పేరుక్రింద వ్రాసికొన్నారు.

తెలుగువారికి ఇది కొత్త కథ కాదు. రంగూనులో సూరతువారు 'సూర్తీ'లై సూర్తీ బజారును, సూర్తీ మసీదును నిలిపినట్లే, గోదావరీ తీరమునుండియు, విశాఖ మండలమునుండియు బర్మా పోయిన తెలుగు కూలీలు 'కోరంగీ'లైనారు. 1839వ సంవత్సరపు తుపాను కోరంగి రేవును పాడుచేసినది. అటుపిమ్మట దశాబ్దములు గడచినను ఆ రేవు పేరు మాత్రము తెలుగువాని వీపుపై ముద్రగా నిలిచినది. కోరంగిని కన్నులతో చూడనివాడును కోరంగీయే. 1931వ సంవత్సరపు బర్మా జనాభా లెక్కలు అక్కడి భారతీయులు పదిలక్షలకు మించిరని చెప్పినవి. రంగూను నగరములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. పదేండ్లు తిరిగినవో లేదో యుద్ధము వచ్చి, వారిలో లక్షలమంది కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు పారిపోయి వచ్చినారు. లెక్కలో పది లక్షలై కనిపించినవారిలో దారిన పడిపోయినవాని ఊరు ఏదియో ఏ పట్టికయు చెప్పజాలదు.

అయితే ఏ కాగితమును ఊరి పేరు దాచలేదా? దాచినది. 1860వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన మద్రాసు రేవునుండి 'ట్రూరో' అను ఓడ బయలుదేరి, నవంబరు 16న డర్బను చేరినది. అది నేటాలు చెరకుతోటలకు కూలీలను కొనిపోయిన మొదటి ఓడ. అప్పటినుండి 1911 వరకు ఒప్పందముపై నేటాలు చేరినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండువంతులు మద్రాసు రేవున ఓడ నెక్కినవారు. ఒక్కొక్కరికి ఒక సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చ. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు పోయిన అరువదివేల పైచిలుకు జనమునకును ఇట్టి చీట్లే వ్రాసినారు. మారిషసులో 1860 తరువాత కూలీల ఛాయాచిత్రములు సైతము తీసినారు. ఆ దస్త్రములు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి.

ఇందలి విపరీతము గమనింపదగినది. స్వేచ్ఛగా పోయినవాని ఊరు మరుగున పడినది, కట్టుబడి పోయినవాని ఊరు నిలిచినది. కూలీ తోటనుండి పారిపోయినచో పట్టుకొనవలెను గనుక మచ్చ కావలసివచ్చినది. చనిపోయినచో కూలిబాకీ ఎవరికి చెల్లవలెనో తెలియవలెను గనుక తండ్రి పేరు, గ్రామము కావలసివచ్చినవి. అక్కరతో వ్రాసినదే గాని ఆదరముతో వ్రాసినది కాదు. అయినను ఆ అక్షరములే నేడు మనుమలకు ఆధారము.

ఆ ఆధారమును సైతము జాగ్రత్తతో చదువవలెను. తెలుగువాని ఇంటిపేరు తరచుగా అతని పూర్వుల ఊరిపేరే. నేటాలు పట్టికలో ఇంటిపేరునకు చోటులేకపోయినది. వ్యక్తి పేరును మాత్రము గ్రహించి, గుమాస్తా తన చెవికి వినిపించినట్లు వ్రాసినాడు. తరువాతి తరమునకు ఆ తాత పేరే వంశనామమైనది. ఊరిని మోసికొనివచ్చిన ఇంటిపేరు రేవులోనే జారిపోయినది. గుజరాతునందు దీనికి ఎదురైన చిక్కు కలదు. అక్కడ ఊరిపేరునకు ప్రత్యయము చేర్చి వంశనామము చేసికొందురు. రాందేరువాడు రాందేరియా, బార్డోలివాడు బార్డోలీవాలా. ఆ విధముగనే ఊన్‌వాలా అను పేరును కలదు. కాని అట్టి పేరుగలవాని తాత ఉన్ గ్రామస్థుడో, ఉన్ని బేరగాడో పేరునుబట్టి నిశ్చయింపరాదు. పేరులోని ధ్వనిని నమ్మి ఊరిని నిర్ణయించుకొన్నవాడు, తనవి కాని సమాధుల యొద్ద కన్నీరు కార్చి రావచ్చును.

సొంత టిక్కెట్టుతో పోయినవారి విషయమునను, ప్రభుత్వము అనుమానించిన చోట వివరములు నిలిచినవి. 1897లో నేటాలు ప్రభుత్వము ప్రవేశ నిరోధక శాసనము చేసినది. అటుపిమ్మట స్వదేశమునుండి తిరిగివచ్చు వర్తకుడు తానక్కడి నివాసియేనని ఋజువు చూపవలసివచ్చినది. ట్రాన్సువాలులో 1907వ సంవత్సరపు చట్టము ఆసియావారందరును వ్రేలిముద్రలిచ్చి ధ్రువపత్రము పొందవలెనన్నది. గాంధీజీ నాయకత్వమున వారు దానిని ప్రతిఘటించినారు. 1908వ సంవత్సరము ఆగస్టు 16న జొహానెస్‌బర్గులోని హమీదియా మసీదు ఆవరణమున, పెద్ద కళాయిలో రెండువేలకు పైబడిన ధ్రువపత్రములను పోసి కాల్చినారు. ఆ కాగితములు కాల్చినవారి మనుమలు నేడు అట్టి కాగితములకై ప్రభుత్వ దస్త్రములలో వెదకుచున్నారు. ఇందు తాతల తప్పు లేదు, మనుమల తప్పును లేదు. మనిషిని దొంగవలె గుర్తించు కాగితమును కాల్చుట ఆనాటి ధర్మము. కచ్చేరీలో మిగిలిన ప్రతులను తెరచి, తాతను తాతగా గుర్తించుట నేటి అవసరము.

ప్రభుత్వ దస్త్రములకు వెలుపల కూడ ఊరిపేరు బ్రతికిన తావులు కలవు. ఖోల్వాడునుండి పోయినవారు తమ ఊరి పేర నిధి కూర్చుకొన్నారు. జొహానెస్‌బర్గులో ఖోల్వాడ్ హౌస్ అను భవనము నిలిచినది. దక్షిణాఫ్రికా స్వాతంత్ర్యోద్యమ నాయకుడైన యూసుఫ్ దాదూ తండ్రిది ఆ ఖోల్వాడే. తల్లిదండ్రులు సూరతు ప్రాంతమునుండి పోయిన అహ్మద్ కత్రాడా ఆ భవనములోని పదమూడవ నంబరు గదులలో నివసించినాడు. తాపీ నది ఒడ్డునున్న పల్లె పేరు ఒక ఉద్యమచరిత్రలో చేరినది. గుజరాతున వహీవంచా బారోట్లు అను వంశావళీ లేఖకులు కలరు. వారు తమ యజమానుల కుటుంబముల పేర్లను తరతరములుగా బహీలలో వ్రాసికొనుచు వచ్చినారు. తెలుగునాట కూనపులివారు పటము విప్పి పద్మశాలీలకు వారి కులపురాణమును వినిపించుట ఇట్టి సంప్రదాయమునకు చుట్టమే. సర్కారు గుమాస్తా అంకెకొరకు అడిగినాడు. బారోటు పేరు కొరకే వచ్చినాడు. కాని ఆ బహీలో కొడుకులు కనబడినంతగా కూతుండ్రు కనబడరు. 'స్త్రీ' అని మాత్రమే వ్రాసిన సర్కారు కాగితమునకును దానికిని ఈ విషయమున భేదము కొంచెమే.

కాబట్టి వెదకువాడు ఒక్క కాగితమును నమ్మరాదు. తెలిసిన తరమునుండి తెలియని తరమునకు మెట్టుమెట్టుగా వెనుకకు పోవలెను. మరణపత్రమున దొరకిన సంవత్సరమును ఓడ పట్టికతోను, ఓడ పట్టికలోని తండ్రి పేరును బారోటు బహీతోను, బహీలోని ఊరిని ఆ ఊరి భూమి దస్త్రములతోను సరిచూడవలెను. జనాభా లెక్కల గ్రంథము అప్పుడు నిజముగా ఉపకరించును. ఆ కాలమున ఆ జిల్లాలో ఏ ఏ కులములవారు ఉండిరో, ఏ వృత్తులు నడచినవో అది చెప్పును. పేరును చూపలేని గ్రంథము, తప్పుడు పేరును తోసిపుచ్చుటకు తోడ్పడును.

నేడు సూరతునకు వలస ఎదురు దిశలో సాగుచున్నది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి పద్మశాలీలు మరమగ్గములపై పనిచేయుటకు అక్కడికి పోయి, లింబాయతు మొదలగు పేటలలో స్థిరపడినారు. వారి పిల్లలు గుజరాతీ చదువుకొనుచున్నారు. జనాభా లెక్కలలో వారు తెలుగు మాట్లాడువారిలో ఒక అంకె. నూరేండ్ల తరువాత వారి మునిమనుమలును ఏ ఊరినుండి వచ్చితిమని అడుగుదురు. అప్పటికి వారికి దొరకగల దస్త్రమును నేడు ఇంటివారు తప్ప వేరొకరు వ్రాయజాలరు. ఊరిపేరు, ఇంటిపేరు, వచ్చిన సంవత్సరము, వాటితోపాటు అవ్వ పేరు కూడ వ్రాసి పెట్టెలో నుంచుట కష్టమైన పనికాదు.