యుద్ధకాల స్త్రీల సఖ్యము: ‘ఎ టౌన్ లైక్ ఆలిస్’ నవలయు, చరిత్రయు

నెవిల్ షూట్ 1950లో ప్రకటించిన ‘ఎ టౌన్ లైక్ ఆలిస్’ నవల పూర్వభాగము, రెండవ ప్రపంచయుద్ధమున మలయాలో జపాను సైన్యమునకు చిక్కిన ఆంగ్ల స్త్రీల కథ. ఏ శిబిరాధికారియు వారి భారమును వహింప నంగీకరింపడు. పిల్లలతో ఊరినుండి ఊరికి నడచుచు వారిలో సుమారు సగముమంది మార్గమధ్యముననే మరణింతురు. ఇట్టి ప్రయాణము మలయాలో జరుగలేదని రచయితయే గ్రంథాంతమున ఒప్పుకొనెను. అది సుమత్రాలో డచ్చి స్త్రీలకు సంభవించినదని ఆయన వివరణము. 1949లో పాలెంబాంగున తనకు ఆతిథ్యమిచ్చిన ఒక గృహిణి అనుభవమే దీనికి మూలము. కాని ఆ స్త్రీలు శిబిరమునుండి శిబిరమునకు తరలింపబడిరే గాని అట్లు నడిపింపబడలేదనియు, షూట్ ఆ వృత్తాంతమును పొరపాటుగా గ్రహించెననియు తరువాత వెల్లడియైనది. అట్లైనచో ఈ నవలకు చారిత్రక ప్రయోజన మేమి? మేము విచారింపదలచిన దీ ప్రశ్ననే.

కథానాయిక జీన్ పాజెట్. మలయాభాష యెరిగినది, సారంగు కట్టి, ఆ దేశపు స్త్రీలవలె నడచినది. తోడి స్త్రీ మరణింపగా ఆమె పసిబిడ్డను తన చంక కెత్తుకొన్నది. కావలివాడు మరణించిన పిమ్మట గ్రామపెద్దను ఒప్పించి, మిగిలినవారితో వరిపొలములలో పనిచేయుచు మూడేండ్లు గడపినది. యుద్ధానంతరము తనకు సంక్రమించిన ధనముతో ఆ గ్రామస్త్రీలకు ఒక బావిని త్రవ్వించినది. దూరమునుండి నీరు మోయు శ్రమ తప్పుటయేగాక, అచ్చట కూర్చుండి మాటలాడుకొను తావు వారికి లభించినది. ఈ ఋణవిముక్తియే కథకు ప్రాణమని మా అభిప్రాయము.

ఇక చరిత్రను చూతము. సింగపూరు పతనమునకు ముందునాడు, 1942 ఫిబ్రవరి 14న, ‘వైనర్ బ్రూక్’ నౌక బాంబుదాడిలో మునిగినది. అందున్న 65 మంది ఆస్ట్రేలియా సైనిక నర్సులలో 12 మంది సముద్రమున గతించిరి. 21 మంది బాంకా ద్వీపతీరమున జపాను సైనికులచే వధింపబడిరి. 32 మంది బందీలైరి. వారిలో ఎనిమిదిమంది నిర్బంధముననే మరణింపగా, 24 మంది స్వదేశమును చేరిరి. పాలెంబాంగు శిబిరమున ఆంగ్ల, డచ్చి, ఆస్ట్రేలియా స్త్రీలు కలిసి జీవించిరి. మార్గరెట్ డ్రైబర్గ్ అను మతప్రచారకురాలును, నోరా చేంబర్సును వాద్యసంగీతమును కంఠముల కనువుగ వ్రాసి, సుమారు 30 మందిచే పాడించిరి. తొలి కచేరి 1943 డిసెంబరు 27న జరిగినది. పాటకు పదములు లేకుండుటచే భాషాభేదము అడ్డు కాలేదు. కాలక్రమమున గాయనులలో పలువురు మరణించుటచే ఆ గానము ఆగిపోయినది. డ్రైబర్గ్ 1945 ఏప్రిలులో బెలలావు శిబిరమున కన్నుమూసెను.

ఈ రెంటిని పోల్చినప్పుడు ఒక భేదము స్ఫుటమగును. నవలలో ఓర్పునకు ఆశ్రయము ఒక్క నాయిక. తక్కినవారు ఆమె వెంట నడచువారు. పైగా కథను చెప్పువాడు లండనులోని వృద్ధ న్యాయవాది. స్త్రీల సఖ్యము అతని నోటనే మనకు వినవచ్చును. శిబిరములందో, ఓర్పు అనేకుల సమష్టి కృషి. నర్సు బెట్టీ జెఫ్రీ రహస్యముగ వ్రాసికొన్న దినచర్య ఆధారముగ 1954లో వెలువడిన ‘వైట్ కూలీస్’ అందులకు సాక్ష్యము. కావున నడకకు, సంఖ్యలకు ఈ నవలను ప్రమాణముగ గొనరాదు. పరుల బిడ్డను తనదిగ భావించుట, ఉన్నదానిని పంచుకొనుట అను సంబంధములను గుర్తించుటలో మాత్రము అది సత్యమునకు దూరము కాలేదు.

మరియొక లోపమును చెప్పక తప్పదు. ఆ కాలముననే మలయా రబ్బరుతోటలలోని తమిళులు, వారితోబాటు తెలుగువారును, సయాం–బర్మా రైలుమార్గ నిర్మాణమునకు తరలింపబడిరి, వేలకొలది తిరిగిరాలేదు. తోటలలో మిగిలిన వారి భార్యలు బిడ్డల నెట్లు సాకిరో, ఒకరి కొకరు ఎట్లు తోడైరో ఈ నవల పలుకదు. తెల్ల స్త్రీల దుఃఖము దినచర్యలకును, నవలకును ఎక్కినది. అక్షరము లెరుగని ఆ తోటస్త్రీల మాటలకు అట్టి భాగ్యము అరుదు. వారి కుటుంబములలో నిలిచిన జ్ఞాపకములను సేకరించుట తెలుగు పరిశోధకుల కర్తవ్యము. బావి త్రవ్వించి జీన్ తన ఋణము తీర్చుకొన్నది. మన ఋణ మింకను తీరలేదు.