పటం ఎవరు గీయాలి?

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో పాఠాలు మొదలుపెట్టింది ఇప్పటి ప్రాంగణంలో కాదు, అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ భవనాల్లో. బోధన ఉర్దూలో. అందుకోసం 1917లోనే ఏర్పడిన అనువాద సంస్థ దార్-ఉల్-తర్జుమా శాస్త్రాలకు కొత్త పదాలు కూర్చింది. ఒక్కో పదం మీద పండితులు ఎంత తర్జనభర్జన పడ్డా, గుండెలో నాలుగు గదులుంటాయని చూపే పటానికి భాష అడ్డు రాదు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాషగా పెరిగే హైదరాబాద్ పిల్లలకు పటం పెద్ద ఆసరా అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆ ఆసరా క్రమంగా మార్కుల లెక్కయింది. నాంపల్లిలోని ఇంటర్మీడియెట్ బోర్డు ప్రశ్నపత్రాల్లో ‘చక్కని పటం గీసి భాగాలు గుర్తించండి’ అన్న మాట చదవని బైపీసీ విద్యార్థి ఉండరు. రికార్డు పుస్తకంలో ఒక పేజీ తెల్లగా ఉంటుంది, పక్క పేజీకి గీతలుంటాయి. తెల్ల పేజీలో పెన్సిల్‌తో బొమ్మ, స్కేలుతో అడ్డగీతలు, వాటి చివర భాగాల పేర్లు. చెయ్యి కుదురుతుంది, చూపు నిలుస్తుంది. దాన్ని తక్కువ చేయలేం. కానీ ఉన్న బొమ్మను దించడం వేరు, తన ఆలోచనను గీయడం వేరు.

ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఆ తేడా కనిపిస్తుంది. ఒక బోటనీ పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ దగ్గర, మార్జిన్‌లో ఎవరో రెండు డబ్బాలు గీశారు. ఒకటి కాంతి చర్య, రెండోది నిష్కాంతి చర్య. మొదటిదాన్నుంచి రెండోదానికి ఏటీపీ బాణం. తిరుగు బాణం ముందు తప్పు వైపు పెట్టి, చెరిపి, మళ్ళీ సరిగా గీసి ఏడీపీ అని రాశారు. పాఠం అర్థమైన క్షణం ఆ చెరుపులో ఉంది.

1972లో అమెరికాలోని కార్నెల్‌లో జోసెఫ్ నొవాక్ బృందం భావనా పటాలను రూపొందించింది కూడా ఇందుకే: పిల్లల మనసులో ఏ భావన దేనితో ముడిపడిందో చూడటానికి. మన దగ్గర 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, టీచర్లు ‘ఏపీపెప్’ అనేది, పిల్లలు చేసినవాటినే తరగతి గదిలో ప్రదర్శించాలంది. గోడ మీది చార్టు అంగట్లో కొన్నది కాకుండా పిల్లలదే కావాలన్న ఆ పట్టుదల నాకు ఈ చరిత్రంతటిలో ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఆ తర్వాత 2011 పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెంట వచ్చిన కొత్త పుస్తకాలు. ఎల్బీ స్టేడియం ఎదుటి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ) తెచ్చిన సైన్స్ పుస్తకాల్లో బొమ్మలు గీయడం, నమూనాలు చేయడం ఒక విద్యాప్రమాణం. సాంఘికశాస్త్రంలో పట నైపుణ్యాలు మరొకటి. కాగితం మీద ఇది పెద్ద మలుపు. ఇప్పుడేమో మైండ్ మ్యాప్‌లు కూడా అచ్చై వస్తున్నాయి, బట్టీకి సిద్ధంగా.

నాంపల్లి ప్రశ్నపత్రంలో ఏటా ఒక్క ప్రశ్నయినా ఇలా ఉండాలి: డబ్బాలు మాత్రమే ఇచ్చి, బాణాలు పిల్లలనే పెట్టమనాలి, ఒక్కో బాణం ఎందుకు పెట్టారో రాయమనాలి.