పోలీసులు విచారణకు పిలిచారా? మౌనంగా ఉండే హక్కు ఎంతవరకు?

‘చిన్న విచారణ ఉంది, స్టేషన్‌కు రండి’ అని ఫోన్ వస్తే ఎవరికైనా కంగారే. 2023 ఆగస్టు 4న పుంగనూరులో ఘర్షణలు జరిగినప్పుడు, 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో దస్త్రాలు కాలిపోయినప్పుడు పోలీసులు చాలామందిని ప్రశ్నించారు. అలాంటి పిలుపు మీకే వస్తే?

ముందు ఏం అడగాలి?
సాక్షిగా పిలిచారా, నిందితుడిగానా అన్నది అడగండి. రాతపూర్వక నోటీసు కోరండి. సాక్షులైతే మహిళలను, 60 ఏళ్లు దాటినవారిని, దివ్యాంగులను ఇంటి దగ్గరే ప్రశ్నించాలి.

మౌనం హక్కు ఎక్కడుంది?
నిందితుడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని బలవంతపెట్టకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణ చెబుతోంది. ఇది పోలీస్ స్టేషన్‌లోనూ వర్తిస్తుందని 1978లో నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సాక్షులకూ ఇలాంటి రక్షణను భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ ఇస్తోంది.

ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకపోవచ్చా?
కుదరదు. జవాబిస్తే మీపైనే కేసు పడే ప్రమాదం ఉన్న ప్రశ్నలకే మౌనం. మిగతావాటికి నిజమే చెప్పాలి. ‘దీనికి జవాబిస్తే నాపై కేసు రావచ్చు, అందుకే చెప్పడం లేదు’ అని మర్యాదగా చెప్పండి. అబద్ధం మాత్రం ఆడొద్దు. వేలిముద్రలు, చేతిరాత నమూనాలకు ఈ రక్షణ లేదని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

సంతకం పెట్టమంటే?
దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలంపై సంతకం అక్కర్లేదని 181వ సెక్షన్ చెబుతోంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకొన్నా కోర్టులో అది మీపై రుజువుగా చెల్లదు. అయితే కస్టడీలో మీరు చెప్పినదాన్ని బట్టి ఆయుధమో, సొత్తో దొరికితే ఆ మేరకు మాటలు చెల్లుతాయి.

లాయర్‌ను పిలవొచ్చా?
అరెస్టు చేసి ప్రశ్నిస్తుంటే మీకు నచ్చిన లాయర్‌ను కలవొచ్చు. విచారణ పూర్తయ్యేదాకా పక్కనే ఉంచుకునే హక్కు మాత్రం లేదు. 2023 సెప్టెంబరులో కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబునాయుడిని రాజమహేంద్రవరం జైల్లో సీఐడీ ప్రశ్నించినప్పుడు న్యాయవాదులు ఉండేందుకు కోర్టు అనుమతించింది. లాయర్‌ను కలిసే హక్కు పెద్ద నాయకులకే కాదు, కూలికి వెళ్లేవారికీ ఉంది. ఫీజు కట్టలేకపోతే 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం.