ఆస్ట్రేలియాలో మల్టీకల్చరల్ గ్రాంటు: ఎవరు అడగవచ్చు, ఎలా అడగాలి?

సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో స్థిరపడ్డ తెలుగు ముస్లిం కుటుంబాలు ఈద్ మిలాప్ పెట్టినా, పిల్లలకు ఉర్దూ, తెలుగు నేర్పినా హాలు అద్దె దగ్గర్నుంచి అన్నీ చందాలతోనే నెట్టుకొస్తుంటాయి. ఇరుగుపొరుగును కలిపే కార్యక్రమాలకైతే అక్కడి ప్రభుత్వాలు గ్రాంటు ఇస్తాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ముస్లింలు 8.13 లక్షల మంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలకు పైనే.

ఎక్కడ వెతకాలి?

ఫెడరల్ ప్రభుత్వ గ్రాంట్ల ప్రకటనలు 'గ్రాంట్‌కనెక్ట్' వెబ్‌సైట్‌లో వస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లో 'మల్టీకల్చరల్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ' అనే ప్రభుత్వ సంస్థ ఈ పని చూస్తుంది. విక్టోరియాలోనూ రాష్ట్ర ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. స్థానిక కౌన్సిళ్లు చిన్న మొత్తాలు ఇస్తుంటాయి. మొదటిసారి అడిగేవాళ్లకు కౌన్సిలే సులువైన దారి.

సంఘం ఉండాలి

సాధారణంగా ఈ గ్రాంట్లు వ్యక్తులకు కాదు, లాభాపేక్ష లేని సంఘాలకే. పై రెండు రాష్ట్రాల్లోనూ కనీసం 5 మంది సభ్యులుంటే సంఘాన్ని రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆపైన ఏబీఎన్ నంబరు (దీనికి ఫీజు లేదు), సంఘం పేరిట బ్యాంకు ఖాతా, పబ్లిక్ లయబిలిటీ బీమా సిద్ధం చేసుకోవాలి.

రిజిస్ట్రేషన్ లేకపోయినా, చాలా పథకాల్లో రిజిస్టరైన మరో సంఘం తరఫున అడగవచ్చు. దీన్ని 'ఆస్పిస్' అంటారు. డబ్బు ఆ సంఘం ఖాతాలోకే వెళ్తుంది, లెక్క చెప్పాల్సిందీ ఆ సంఘమే. అందుకే ఎవరి పని ఏమిటో ముందే కాగితం మీద రాసుకోవడం మంచిది.

దరఖాస్తులో ఏం రాయాలి?

చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. ఆరాధనకు, మతప్రచారానికి ఈ డబ్బు సాధారణంగా రాదు. "మావాళ్లందరం కలిసి ఇఫ్తార్ చేసుకుంటాం" అంటే అది సొంత విందు. అదే ఇఫ్తార్‌కు పక్క వీధి కుటుంబాలను, స్కూలు టీచర్లను, వేరే దేశాల నుంచి వచ్చిన సంఘాలను పిలిచి, ఏర్పాట్లలోనూ వాళ్లకు చోటిస్తే అది అందరి కార్యక్రమం అవుతుంది. ఎంతమంది వస్తారు, వాళ్లలో బయటివాళ్లు ఎందరు, కొత్తగా వచ్చిన ఇల్లాలికో ముసలివాళ్లకో దీనివల్ల ఒరిగేదేమిటి అన్నది సూటిగా రాయాలి. భాగస్వామి సంఘం నుంచి మద్దతు లేఖ జతచేస్తే బలం.

పిల్లలతో పనిచేసే వాలంటీర్లకు 'వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్' అవసరం. ఈ రెండు రాష్ట్రాల్లో వాలంటీర్లకు అది ఉచితమే.

ఖర్చు, లెక్క

హాలు, భోజనం, సౌండు ఒక్కోదానికి కొటేషన్ తీసుకోవాలి. గుండుగుత్తగా అంకె వేస్తే నమ్మరు. వాలంటీర్ల శ్రమ, ఉచితంగా దొరికిన హాలు కూడా సంఘం వాటాగా చూపించే వీలు చాలాచోట్ల ఉంది. అన్నిటికన్నా ముఖ్యం: ఒప్పందం మీద సంతకాలు కాకముందు పెట్టిన ఖర్చును సాధారణంగా తిరిగి ఇవ్వరు. గ్రాంటు వస్తుందన్న ధీమాతో ముందే అడ్వాన్సులిస్తే ఆ భారం వాలంటీర్ల జేబు మీదే పడుతుంది.

కార్యక్రమం అయ్యాక బిల్లులతో నివేదిక ఇవ్వాలి. మిగిలిన డబ్బును ఒప్పందంలో ఉన్నట్టు తిరిగి కట్టాలి. చందా ఇచ్చినవాళ్లు లెక్క అడగకపోవచ్చు, ప్రభుత్వం తప్పకుండా అడుగుతుంది. గ్రాంటు అమానత్ లాంటిది. ఈసారి లెక్క సరిగ్గా అప్పజెప్పిన సంఘానికే వచ్చేసారి అడిగే ముఖం ఉంటుంది.