వరంగల్ మట్టికోట

ఓరుగల్లు నగరానికి కాకతీయులు 13వ శతాబ్దంలో కట్టిన రక్షణ వలయాల్లో మట్టికోట ఒకటి. నేటి ఖిలా వరంగల్‌లో, రాతికోటకు వెలుపల, దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా తిరిగి ఉంటుంది. కోట పనులు గణపతిదేవుడి కాలంలో (1199–1262) సాగాయి. వాటిని ఆయన కుమార్తె రుద్రమదేవి (1262–1289) పూర్తిచేసింది.

చూడవచ్చినవారిలో చాలామంది నేరుగా కోట నడుమ ఉన్న నాలుగు కీర్తితోరణాల దగ్గరికే పోతారు. దారిలో దాటిన మట్టిదిబ్బ గోడేనని పట్టించుకోరు. ఇది అన్యాయం. శత్రువు దెబ్బను ముందుగా కాచుకున్నది ఆ దిబ్బే.

1310లో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ ఓరుగల్లును ముట్టడించాడు. నగరం ఆనుపానులు చూసుకోవడానికి ముందుగా హనుమకొండ గుట్టను పట్టుకున్నాడు. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఈ ముట్టడిని పారశీకంలో వర్ణిస్తూ, ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టిదని మట్టిగోడను మెచ్చుకున్నాడు. యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడేవట. పొగడ్తలో అతిశయం ఉన్నా అసలు సంగతి నిజమే: రాయి దెబ్బకు పగులుతుంది, దట్టంగా దిమ్మిసగొట్టిన మట్టి ఆ విసురును తనలో ఇముడ్చుకుంటుంది. ఢిల్లీ సైన్యం అగడ్తను పూడ్చి మట్టికోటను పట్టుకున్నాక, రాతికోటపై దాడి జరగకముందే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొని కప్పం చెల్లించాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో నగరం పడిపోయింది.

ప్రస్తుతం కట్ట మీద పొదలు, ముళ్లచెట్లు పెరిగాయి. రోడ్లు దాన్ని కోసుకుంటూ పోతున్నాయి. అలా తెగిన చోట ఆగి చూస్తే గోడ మందం తెలిసివస్తుంది.

అక్కడినుంచి లోపలికి వస్తే రాతికోట, దాని అగడ్త. సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన గ్రానైటు దిమ్మెలవి. నాలుగు దిక్కులా ద్వారాలున్నా ఏ దారీ సూటిగా పోదు. ద్వారం ముందున్న ఆవరణలో మలుపు తిరగాలి. దూసుకొచ్చిన గుర్రపుదళం అక్కడ వేగం తగ్గించక తప్పదు, పైనున్న విలుకాళ్లకు అప్పుడు దాని పక్కభాగం దొరుకుతుంది. గోడ లోపలివైపు మట్టివాలు మీద పొడవునా రాతిమెట్లు పరిచారు. ఏదో ఒక మెట్లదారి కోసం వెతుక్కుంటూ పరుగెత్తే పని లేకుండా, కావలివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే గోడ ఎక్కగలిగేవారు.