ఆలస్యంగా రాసిన పద్దు

బ్రెజిల్ దేశపు బోసా నోవా సంగీతం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చే పాట ‘ది గర్ల్ ఫ్రం ఇపనేమా’. అమెరికన్ జాజ్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్, బ్రెజిల్ గాయకుడు జొవావ్ జిల్బెర్టో 1963 మార్చిలో న్యూయార్కులో కలిసి చేసిన ఆల్బంలోది అది. అందులో ముందు జొవావ్ పోర్చుగీసులో పాడతాడు. తరువాత అతని భార్య ఆస్ట్రుడ్ ఇంగ్లీషులో అందుకుంటుంది. 1964లో దాన్ని చిన్న రికార్డుగా విడుదల చేసేటప్పుడు, ఐదు నిమిషాలకు పైబడిన పాటను మూడు నిమిషాల లోపుకు కుదించారు. కత్తెర పడింది జొవావ్ గొంతు మీద. పోర్చుగీసు పోయింది, ఇంగ్లీషు మిగిలింది. దేశదేశాల మోగింది ఆ రికార్డే. 1965లో ఉత్తమ రికార్డుగా గ్రామీ బహుమతి వచ్చిందీ దానికే. మొత్తం ఆల్బంకు వచ్చిన బహుమతిలో జొవావ్‌కూ వాటా దక్కిందనుకోండి.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జమాఖర్చులు చూసే కంటికి ఈ లెక్క సరిపోయినట్టు కనిపించదు. 1958లో సాంబా లయను గిటారు మీద కొత్తగా మీటి, గుసగుసలాంటి గొంతుతో పాడి ఈ బాణీకి రూపమిచ్చినవాడు జొవావ్. మూలధనం అతనిది, జమ వేరే ఖాతాలో పడింది.

ఆ లెక్కను కొంత సరిచేసే రికార్డు 2016లో వచ్చింది. 1976 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలోని కీస్టోన్ కార్నర్ అనే చిన్న జాజ్ క్లబ్బులో గెట్జ్ బృందంతో కలిసి జొవావ్ పాడాడు. క్లబ్బు నడిపిన టాడ్ బర్కన్ ఆ కచేరీలను టేపుల మీదికి ఎక్కించాడు. క్లబ్బు 1983లో మూతపడింది. గెట్జ్ 1991లో పోయాడు. టేపులు మాత్రం నిలిచాయి. 40 ఏళ్ల తరువాత రెజొనెన్స్ అనే సంస్థ వాటిని ‘గెట్జ్ జిల్బెర్టో 76’ పేరుతో వెలువరించింది. ఆ వారమే గెట్జ్ బృందం విడిగా వాయించినది మరో ఆల్బం అయింది.

ఇందులో ‘ఇపనేమా’ లేదు. పాడినవన్నీ పోర్చుగీసు పాటలే. ఒక పాట పేరుకు అర్థం ‘బహియా నుంచి వచ్చాను’ అని. బహియా జొవావ్ పుట్టిన రాష్ట్రం. ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లో, తన ఊరి పాటలను, తన భాషలో, గొంతు పెంచకుండా పాడాడు. పెద్దమనిషిలా గెట్జ్ అతనికి చోటిచ్చాడు. 1964లో తెగిపోయిన గొంతు ఇక్కడ నిండుగా వినిపిస్తుంది. జొవావ్ 2019లో కన్నుమూశాడు. ఈ రికార్డు వచ్చేనాటికి అతను బతికే ఉన్నాడన్నది ఒక తృప్తి.

రాష్ట్రం కాని రాష్ట్రంలో స్థిరపడ్డ మనకు ఆ కత్తెర కొత్తది కాదు. ఎదుటివారికి అర్థం కాదేమోనని మనమే ముందుగా కత్తిరించుకుంటాం. పెళ్లి వీడియోలో అమ్మమ్మలు పాడిన మంగళహారతి తీసేయించి, సినిమా పాట కలిపించుకున్న ఇళ్లు మనలో ఎన్ని లేవు! అసలు క్యాసెట్టు ఇంకా అలమరలో ఉంటే పారేయకండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ దానిమీద రాసిపెట్టండి. పద్దు ఆలస్యంగా రాసినా పరవాలేదు, రాయడానికి రసీదు మిగలాలి.